వైజాగ్ నుంచి కాకినాడకు పడవ: ఏ పోటుకు బయలుదేరాలి?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ చెబుతాను, మధ్యలో చదివేవాళ్ళకి ఉపయోగపడుతుంది. హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవ నేర్చుకున్నారు. మిత్రుడి 28 అడుగుల పడవ విశాఖలో ఉంది. జనవరి చివర్లో ముగ్గురు కలిసి దాన్ని కాకినాడకు తీసుకెళ్ళాలని ఆలోచన. ఇంగ్లండ్ తీరం మీద రాసిన పుస్తకాలు చదివి, గంట గంటకూ ఆటుపోట్ల ప్రవాహం ఎటు ఉంటుందో ఎక్సెల్‌లో పట్టిక వేశారు. ఏ పోటుకు బయలుదేరితే ప్రవాహం కలిసొస్తుంది, ఆరు గంటల తర్వాత అది ఎదురు తిరిగితే ఎక్కడ లంగరు వేసి ఆగాలి అని అడిగారు. దాంతోపాటు, మొన్న భీమిలిలో గోస్తని మొగ దగ్గర యాప్ ప్రకారం ఆటు అయిపోయి గంట దాటినా నీళ్ళు ఇంకా సముద్రంలోకే పోతున్నాయి, యాప్ తప్పా అని కూడా అడిగారు.

పట్టిక కష్టపడి వేశారు కానీ దాన్ని పక్కన పెట్టేయండి. విశాఖ, కాకినాడల మధ్య దారిలో మీ పడవను ముందుకో వెనక్కో తోసేది ఆటుపోట్లు కాదు. అది ఆ నెలలో తీరం వెంబడి పారే ప్రవాహం. ఆరు గంటలకోసారి కాదు, ఆరు నెలలకోసారి దిశ మార్చుకుంటుంది. ఆటుపోట్లు చూసుకోవాల్సింది దారిలో కాదు, దిగే చోట. ఈ రెండింటినీ విడదీసి లెక్క వేస్తే మీ ప్లాన్ సగం తేలికవుతుంది. నేనుండేది హైదరాబాద్‌లోనే అయినా చాలా ఏళ్ళు ఈ తీరం వెంబడి చిన్న పడవల మీదే పని చేశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మీరు చదివిన పుస్తకాల్లో తప్పేమీ లేదు. అవి వేరే సముద్రం గురించి రాసినవి. ఇంగ్లిష్ ఛానల్‌లో పోటు నీరు ఇరుకు దారిలోంచి దూరుకుంటూ పోతుంది. చాలా చోట్ల రెండు మూడు నాట్లు (గంటకు ఒక నాటికల్ మైలు, అంటే సుమారు 1.85 కిలోమీటర్లు, వెళ్తే ఒక నాట్), కొన్ని ఇరుకు మలుపుల్లో అంతకు చాలా ఎక్కువ వేగం ఉంటుంది. ఐదు నాట్ల వేగంతో వెళ్ళే పడవకి అక్కడ పోటు సమయం చూసుకోకపోతే నిలబడ్డ చోటే నిలబడాల్సి వస్తుంది. మన దేశంలో అలాంటి లెక్క కావాలంటే పడమటి తీరానికి వెళ్ళాలి. ముంబైలో పౌర్ణమి, అమావాస్య రోజుల్లో నీరు నాలుగు మీటర్లకు పైగా ఎక్కి దిగుతుంది. ఖంభాత్ సింధుశాఖ లోపల భావనగర్ వైపు అది పది మీటర్లు దాటుతుంది. అక్కడ మీ ఎక్సెల్ పట్టిక బంగారం.

విశాఖలో పెద్ద పోటు రోజున కూడా ఎక్కీ దిగే తేడా ఒకటిన్నర మీటర్ల లోపే. అష్టమి ప్రాంతంలో అర మీటరు. పైగా తీరం నిటారుగా, తెరిచి ఉంటుంది. ముందున్నది లోతైన బంగాళాఖాతం. నీళ్ళు ఇరుక్కుని పరిగెత్తడానికి సందు లేదు. అందుకే బక్కెట్‌లో నీళ్ళు పట్టినట్టు ఉన్నచోటే పైకి లేస్తుంది, ఉన్నచోటే దిగుతుంది. విశాఖలో పోటు వచ్చే సమయానికీ కాకినాడలో వచ్చే సమయానికీ చెప్పుకోదగ్గ తేడా ఉండదు. తీరానికి మూడు నాలుగు మైళ్ళ దూరంలో ఆటుపోట్ల వల్ల పక్కకు పారే నీటి వేగం అర నాట్ కూడా అరుదు. దాని కోసం లంగరు వేసి ఆరు గంటలు కూర్చోవడం దండగ.

ఇక అసలైన ప్రవాహం సంగతి. సముద్ర శాస్త్రవేత్తలు దీన్ని తూర్పు భారత తీర ప్రవాహం అంటారు. ఫిబ్రవరిలో ఉత్తరానికి, అంటే మనకు కాకినాడ నుంచి విశాఖ వైపుకి మళ్ళుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో మంచి బలం మీద ఉంటుంది. నైరుతి రుతుపవనాల నెలల్లో బలహీనపడి, ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. అక్టోబర్ వచ్చేసరికి దక్షిణానికి తిరిగి, నవంబర్, డిసెంబర్‌లలో అటే గట్టిగా పారుతుంది. దాని నడుమ భాగంలో, అంటే తీరానికి దూరంగా సముద్రపు అడుగు ఒక్కసారిగా లోతుకు పడిపోయే అంచు దగ్గర, సెకనుకు ఒక మీటరు వేగం అందుకోవడం ఉంది. అంటే దాదాపు రెండు నాట్లు. ఒడ్డుకు దగ్గరగా, ఇరవై ముప్పై మీటర్ల లోతులో వస్తే బాగా తగ్గుతుంది.

దీని విలువ ఎంతో అంకెల్లో చూడండి. విశాఖ హార్బర్ నోటి నుంచి కాకినాడ పోర్ట్ బయటికి తిన్నగా సుమారు 75 నాటికల్ మైళ్ళు. మీ పడవ గాలికో, అవుట్‌బోర్డ్ ఇంజన్ మీదో సగటున 5 నాట్లు వెళ్తుందనుకుందాం. నీరు కదలకుండా ఉంటే 15 గంటలు. ఒక నాట్ ప్రవాహం వెనక నుంచి తోస్తే పన్నెండున్నర గంటలు. అదే ఒక నాట్ ఎదురైతే దాదాపు 19 గంటలు. కలిసొచ్చినప్పుడు మిగిలేది రెండున్నర గంటలు, ఎదురైనప్పుడు పోయేది నాలుగు. ఈ తేడా అందరూ మర్చిపోతారు. పెట్రోల్ కూడా ఈ చివరి అంకె మీదే లెక్క కట్టాలి. 15 గంటలకు సరిపడా తీసుకెళ్తే కాకినాడకు పదిహేను మైళ్ళ ముందే డబ్బా ఖాళీ అవుతుంది.

మరి జనవరి చివర? మీరు ఎంచుకున్న సమయం మంచిదే. దక్షిణ ప్రవాహం చల్లారిపోయి, ఉత్తర ప్రవాహం ఇంకా పుంజుకోని సంధి కాలం అది. గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి ఉంటుంది, మీరు వెళ్ళేది నైరుతి దిక్కుకి. గాలి వెనక నుంచి, నీరు దాదాపు తటస్థంగా. అదే మీరు డిసెంబర్ మొదట్లో వెళ్తే ప్రవాహం కూడా కలిసొస్తుంది కదా అని ఎవరైనా అంటారు. నిజమే, కానీ అవి తుపాన్ల నెలలు. రెండు గంటలు మిగుల్చుకోవడానికి ఆ రిస్క్ నేనైతే తీసుకోను.

‘సంధి కాలం’ అన్నాను కదా అని ప్రవాహం సున్నా అనుకోకండి. కొన్ని ఏళ్ళు జనవరి మూడో వారానికే ఉత్తరానికి లాగడం మొదలవుతుంది. ఆ వారం ఎలా ఉందో చూడాలంటే మీరు హైదరాబాద్ దాటక్కర్లేదు. సముద్రం లేని మన ఊళ్ళోనే, నిజాంపేట పక్కన ప్రగతి నగర్‌లో, దేశానికంతటికీ సముద్ర సమాచారం ఇచ్చే ఇన్‌కాయిస్ ఉంది. 1999 నుంచీ ఉంది. పక్క కాలనీలో ఉన్నవాళ్ళకే చాలామందికి తెలియదు. వాళ్ళ వెబ్‌సైట్‌లో కెరటాల ఎత్తు, దూరం నుంచి వచ్చే ఉబ్బు కెరటాలు, గాలి, పైనీటి ప్రవాహం అన్నీ కొన్ని రోజుల ముందు వరకు అంచనాలుగా పెడతారు. చిన్న పడవలకు హెచ్చరికలు కూడా విడిగా ఇస్తారు. ప్రవాహం మ్యాప్ తెరిచి విశాఖ, కాకినాడ మధ్య బాణాలు ఎటు చూస్తున్నాయో, ఎంత పొడవున్నాయో చూడండి. అక్కడ వేగం సెకనుకు మీటర్లలో ఉంటే రెండుతో గుణించండి, నాట్లు వచ్చేస్తాయి. బయలుదేరే ముందు ఒక వారం పాటు రోజూ చూస్తే బాణాలు మారుతున్నాయా, నిలకడగా ఉన్నాయా అన్నది అర్థమవుతుంది. ఒక్క రోజు మ్యాప్ చూసి నిర్ణయించుకోవద్దు.

సముద్రం మీదకు వెళ్ళాక అంచనాను సరిచూసుకునేది మీరే. చెరువులో నేర్చుకున్నవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది: పడవ ముక్కు ఎటుంటే పడవ అటే వెళ్తోందని కళ్ళు నమ్మేస్తాయి. సముద్రంలో ముక్కు ఒకటి చెబుతుంది, జీపీఎస్ ఇంకొకటి చెబుతుంది. పడవకు లాగ్ ఉంటే అది చూపేది నీటిలో వేగం, జీపీఎస్ చూపేది నేల మీద వేగం. రెండింటి తేడాయే ప్రవాహం. లాగ్ లేకపోయినా దారి ఉంది. తీరం వెంబడి జాలర్ల వలల బెండ్లు, జెండా కర్రలు కనబడుతూనే ఉంటాయి. వలకు తగలకుండా దూరంగా ఉండి, అడుగుకు కట్టిన ఒక బెండును జాగ్రత్తగా చూడండి. ప్రవాహం ఉంటే ఒక పక్క నీళ్ళు చిన్న గుట్టలా ఎగదన్నుకుని ఉంటాయి, రెండో పక్క సన్నటి తోక సాగుతుంది. జెండా కర్ర ఆ తోక వైపుకి వాలి ఉంటుంది. జెండా గుడ్డ ఎటు ఎగురుతోందో అది గాలి సంగతి, దాన్నీ దీన్నీ కలపొద్దు. తోక నైరుతికి సాగుతుంటే మీ అదృష్టం. ఈశాన్యానికి సాగుతూ, కర్ర బాగా వాలిపోయి ఉంటే అర నాట్‌కు పైనే ఎదురుందని అనుకోండి. అలా ఎదురున్నప్పుడు ఒడ్డు వైపు జరగాలి, కలిసొస్తున్నప్పుడు బయటికి జరగాలి. కాకపోతే ఒడ్డు వైపు వలలు ఎక్కువ. కాబట్టి పగలు లోపలికి, రాత్రి ఇంకాస్త బయటికి అన్నది నా పద్ధతి.

ఇప్పుడు ఆటుపోట్లు నిజంగా అక్కరకొచ్చే చోటికి వద్దాం. విశాఖ నుంచి బయటపడటానికి పోటుతో పని లేదు. పెద్ద పెద్ద ఓడలు వచ్చే హార్బర్ అది, మీ పడవ 1.2 మీటర్ల డ్రాఫ్ట్‌కు, అంటే నీటిలో మునిగి ఉండే లోతుకు, ఏ గంటైనా ఒకటే. అక్కడ చూసుకోవాల్సింది అనుమతులు. నేవీ ఉన్న పోర్ట్ కాబట్టి పోర్ట్ కంట్రోల్‌కు ముందే రాతపూర్వకంగా చెప్పి, బయలుదేరేటప్పుడు వీహెచ్ఎఫ్ రేడియోలో మళ్ళీ చెప్పి కదలాలి.

కాకినాడ కథ వేరు. గోదావరి తెచ్చిన ఇసుకతో ఏర్పడిన హోప్ ఐలాండ్ పదిహేను కిలోమీటర్లకు పైగా పొడవున అడ్డం ఉండటంతో లోపలి జలాలు ప్రశాంతంగా ఉంటాయి. కానీ ఆ ప్రశాంతత వల్లే బురద, ఇసుక అక్కడ పేరుకుంటాయి. ఓడలు వెళ్ళే తవ్విన దారి లోతుగా ఉన్నా, దాని పక్కన, కాలువల మొగల దగ్గర లోతు తక్కువ. అంచెలంచెలుగా మారుతూ కూడా ఉంటుంది. మీరు దిగేది ఎక్కడో పోర్ట్ వాళ్ళతో మాట్లాడి ఖాయం చేసుకున్నాక, ఆ చోటికి మాత్రమే లోతు లెక్క వేయాలి.

లెక్క ఎలా వేయాలో ఒక ఉదాహరణ. చార్ట్‌లో, అంటే లోతులు గుర్తించిన సముద్రపు మ్యాప్‌లో, ఒక మొగ దగ్గర లోతు 0.9 మీటర్లు అని ఉంది. ఆటుపోట్ల టేబుల్ ప్రకారం మీరు వచ్చే గంటకు పోటు ఎత్తు 1.2 మీటర్లు. కలిపితే 2.1. మీ పడవకు కావాల్సింది 1.2. కీల్ (పడవ అడుగు) కింద 0.9 మిగిలింది, బాగానే ఉందనిపిస్తుంది. ఇప్పుడు మొగ మీద ఒక మీటరు కెరటం ఉందనుకోండి. కెరటం పల్లంలోకి పడవ దిగినప్పుడు నీరు అర మీటరు తగ్గుతుంది. మిగిలింది 0.4. చార్ట్ సర్వే అయ్యాక ఎన్ని వరదలు వచ్చి ఇసుకను ఎటు తోశాయో తెలియదు, ఆ 0.4 దానికే పోవచ్చు. అదే మొగకు అష్టమి రోజున వస్తే పోటు ఎత్తు 1.0 దగ్గరే ఆగిపోతుంది, మిగిలేది 0.2. అంటే ఆ రోజు ఆ మొగ మీకు మూసేసినట్టే. మచిలీపట్నం దగ్గరి గిలకలదిండి లాంటి చోట్ల మత్స్యకారులు పోటు కోసం బోట్లు ఆపుకుని గంటల తరబడి ఎందుకు కూర్చుంటారో ఈ కూడికలు తీసివేతలే చెబుతాయి.

మధ్య గంటల్లో ఎత్తు ఎంతో కావాలంటే పన్నెండో వంతుల లెక్క చాలు. ఆటు నుంచి పోటుకు పట్టే ఆరు గంటల్లో నీరు 1, 2, 3, 3, 2, 1 వంతుల చొప్పున పెరుగుతుంది. తేడా 1.2 మీటర్లయితే మొదటి గంటలో 10 సెంటీమీటర్లు, రెండో గంటలో 20, నడిమి రెండు గంటల్లో 30 చొప్పున, తర్వాత 20, 10. రోజుకు రెండుసార్లు వచ్చే (సెమీడయర్నల్) మన పోట్లకు ఇది బాగానే కుదురుతుంది. అసలు టేబుల్ సర్వే ఆఫ్ ఇండియా ప్రచురించేది, చార్ట్ డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీస్‌ది తీసుకోండి.

ఫోన్ యాప్‌ల గురించి రెండు హెచ్చరికలు. కొన్ని యాప్‌లు ఎత్తును చార్ట్ డేటమ్ (చార్ట్‌లో లోతులు కొలిచే మట్టం, దాదాపు అతి తక్కువ ఆటు మట్టం) నుంచి కాకుండా సగటు సముద్ర మట్టం నుంచి చూపిస్తాయి. విశాఖలో ఈ రెండింటికీ తేడా సుమారు 0.8 మీటర్లు. అంటే టేబుల్‌లో 1.2 అని ఉన్న నీటినే ఆ యాప్ 0.4 అంటుంది. అది ఎలా పట్టుకోవాలంటే, ప్రతి ఆటుకీ మైనస్ అంకె చూపిస్తుంటే అది సగటు మట్టం యాప్ అన్నమాట. ఎత్తు తక్కువ చూపిస్తే పోనీ అనుకోవచ్చు, మీకు నష్టం లేదు. రెండోది మాత్రం నిజంగా ప్రమాదకరం: కొన్ని యాప్‌లు, వెబ్‌సైట్‌లు సమయాన్ని గ్రీన్‌విచ్ ప్రకారం ఇస్తాయి. మనకూ దానికీ ఐదున్నర గంటల తేడా. పోటుకూ ఆటుకూ మధ్య ఆరు గంటల పైచిలుకు. అది చూసుకోకుండా చదివితే పోటు అనుకుని దాదాపు ఆటు సమయానికి మొగ దగ్గరకు చేరతారు. కాబట్టి ముందు రోజు ఒడ్డున నిలబడి ఒక్క పోటును కళ్ళారా చూసి, యాప్ సమయంతో పోల్చుకోండి.

మీ గోస్తని ప్రశ్నకు జవాబు: యాప్ తప్పు కాదు. యాప్ చెప్పేది నీటి ఎత్తు సంగతి, మీరు చూసింది నీటి పారుదల. రెండూ ఒకే క్షణంలో మారవు. బయట సముద్ర మట్టం దిగడం ఆగిపోయి మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టినా, లోపల నదిలో మట్టం ఇంకా దానికంటే పైనే ఉంటుంది. అది ఖాళీ అయ్యేదాకా నీళ్ళు బయటికే పోతాయి. పైగా నదికి తన సొంత నీరు కూడా ఉంటుంది కాబట్టి బయటికి పోవడం ఎక్కువసేపు, లోపలికి రావడం తక్కువసేపు. ఎంత ఆలస్యం అన్నది ప్రతి మొగకూ వేరు, పైనుంచి వచ్చే నీటిని బట్టి ప్రతి నెలా వేరు. గోదావరి వరద మీదున్నప్పుడైతే కింది మొగల్లో పోటు సమయంలో కూడా నీరు బయటికే పారుతుంది. స్థానిక జాలర్లను అడగడం తప్ప దీనికి టేబుల్ లేదు.

ఆ బయటికి పారే గంటల్లోనే మొగ దాటకూడదు. సముద్రం నుంచి కెరటాలు లోపలికి వస్తుంటాయి, నది నీరు వాటికి ఎదురు వెళ్తుంటుంది. కెరటం పొట్టిగా, నిటారుగా మారి విరిగిపోతుంది. బయట మీటరు కూడా లేని కెరటం మొగ మీద పడవను అడ్డం తిప్పేయగలదు. ఇంకో చిక్కు: ఒడ్డు నుంచి చూస్తే విరిగే కెరటాల తెల్లటి నురగ కనబడుతుంది కానీ, సముద్రం వైపు నుంచి వచ్చేవాళ్ళకు వాటి వీపులే కనబడతాయి. నునుపుగా, ఏమీ లేనట్టే ఉంటుంది. దగ్గరకొచ్చాక గాని తెలియదు. అందుకే బయటే ఆగి, పది పదిహేను నిమిషాలు అదే చోటును చూస్తూ ఉండాలి. దాటితే పోటు చివరి రెండు గంటల్లోనే దాటాలి. అప్పుడు నీరు లోపలికే వెళ్తుంది, ఎక్కడైనా ఇసుక తగిలినా ఇంకా పెరిగే నీరు పడవను లేపుతుంది. పోటు పూర్తయ్యాక తగిలితే పన్నెండున్నర గంటలు ఆగాలి. పౌర్ణమి దాటాక పెద్ద పోటు రోజుల్లో గట్టిగా ఎక్కేస్తే, ఆ తర్వాతి రోజుల్లో పోట్లు చిన్నవవుతూ పోతాయి కాబట్టి వచ్చే అమావాస్య దాకా ఇసుక మీదే.

రోజు ఎంచుకోవడానికి ఇక్కడ మన పంచాంగమే చాలు. విశాఖ, కాకినాడ తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఉదయం, రాత్రి ఎనిమిది తొమ్మిది గంటల ప్రాంతంలో వస్తుంది, ఆటు మధ్యాహ్నం మూడు ప్రాంతంలో. ఆ తర్వాత రోజుకు ముప్పావు గంట, యాభై నిమిషాల చొప్పున వెనక్కి జరుగుతుంది. అష్టమి నాటికి తిరగబడి, ఉదయం ఎనిమిది తొమ్మిదికి ఆటు ఉంటుంది. పెద్ద పోటు సరిగ్గా పౌర్ణమి నాడు కాకుండా ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వస్తుంది. కరెక్ట్ నిమిషాలకు టేబుల్ చూడాల్సిందే, కానీ ఏ వారం మనకు పనికొస్తుందో తిథి చూస్తే చెప్పేయొచ్చు. ముంబై వాళ్ళకు ఇదే లెక్క వేరే గంటల్లో ఉంటుంది, అక్కడ పౌర్ణమి పోటు మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో. కాబట్టి ఒక తీరం లెక్క ఇంకో తీరానికి మోసుకెళ్ళొద్దు.

మీకు నేను చెప్పే రోజు బహుళ చవితి, లేదా దానికి ఒక రోజు అటూ ఇటూ. ఆ రోజున దిగే చోట పోటు మధ్యాహ్నం పన్నెండుకు దగ్గర్లో ఉంటుంది, ఆటు ఉదయం ఆరు ప్రాంతంలో. అంటే ఎనిమిది నుంచి పన్నెండు దాకా నీరు పెరుగుతూనే ఉంటుంది, వెలుతురు ఉంటుంది, సూర్యుడు అప్పటికి మీ వెనక, తూర్పున ఉంటాడు కాబట్టి నీటి రంగు, లోతు తేడా కళ్ళకు కనబడతాయి. చంద్రుడు రాత్రి తొమ్మిది దాటాక ఉదయించి తెల్లారేదాకా ఉంటాడు. దీన్ని పట్టుకుని వెనక్కి లెక్కపెట్టండి. పడవ 15 గంటల్లో చేరాలి, ఎదురైతే 19. చేరాల్సింది పన్నెండు లోపు. కాబట్టి ముందు రోజు సాయంత్రం నాలుగుకు కదలాలి. అంతా కలిసొస్తే తెల్లవారుజామున నాలుగున్నరకే కాకినాడ బయట ఉంటారు. అప్పుడు చీకట్లో లోపలికి దూరకండి, ఓడలు వచ్చే దారికి పక్కగా, వలలు లేని చోట ఆగి తెల్లారనివ్వండి. మామూలుగా వెళ్తే ఉదయం ఏడు. ఎదురైతే పదకొండు. మూడు సందర్భాల్లోనూ పెరిగే నీటి మీదే లోపలికి వెళ్తారు.

నాలుగు గంటలు అనడానికి ఇంకో కారణం, యారాడ కొండ దాటి గంగవరం పోర్ట్ ఓడల రద్దీని వెలుతురు ఉండగానే వెనక పడేయొచ్చు. చీకటి పడ్డాక పడమటి నుంచి నేలగాలి దిగుతుంది, జనవరి రాత్రుల్లో చల్లగా, నిలకడగా ఉంటుంది, తెరచాపకు అది మంచిదే. రాత్రి అసలు టెన్షన్ వలలు, దీపం లేని తెప్పలు. ఒకరు నిద్రపోవచ్చు, ఇద్దరు మాత్రం మెలకువగా ఉండాలి. ఇంజన్ ఫ్యాన్‌కు వల చుట్టుకుంటే రాత్రిపూట నీళ్ళలోకి దిగి కోయడం లాంటి సాహసాలు వద్దు, తెరచాప మీద నెమ్మదిగా బయటికి జరిగి తెల్లారేదాకా ఆగండి. కోస్ట్ గార్డ్ నంబర్ 1554 ముగ్గురి ఫోన్లలోనూ ఉండాలి, వీహెచ్ఎఫ్ 16వ ఛానల్ మీద చెవి వేసి ఉంచాలి.

పడవను తిరిగి విశాఖకు ఎప్పుడు తేవాలో మీరు అడగలేదు గానీ, అదే వారం వెనక్కి రావాలని అనుకుంటే మాత్రం మానుకోండి. ఈశాన్య గాలికి ఎదురు వెళ్ళాల్సి వస్తుంది. పడవను కాకినాడలో ఉంచగలిగితే మార్చి రెండో సగంలో రండి. అప్పటికి ప్రవాహం ఉత్తరానికి గట్టిగా పారుతూ ఉంటుంది, గాలి కూడా నైరుతి నుంచి వీయడం మొదలవుతుంది. రెండూ వెనక నుంచే. ఒక నాట్ ప్రవాహం దొరికే దూరం చూసుకుని బయటికి జరిగి వస్తే పన్నెండు పదమూడు గంటల్లో యారాడ కొండ కనబడుతుంది. విశాఖలో దిగడానికి పోటు చూసుకోనక్కర్లేదు కాబట్టి ఆ ప్రయాణం పగటి వెలుతురుకు తగ్గట్టు వేసుకోవచ్చు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం ఉంటుంది, అప్పుడు వలలు తక్కువ కదా అని కొందరు ఆగుతారు. కానీ అప్పటికి ఉబ్బు కెరటాలు పెరుగుతాయి, సాయంత్రాలు ఉరుములతో ఈదురుగాలులు మొదలవుతాయి. మార్చే మేలు.

వెళ్ళేటప్పుడు పూడిమడకను మీ నిర్ణయ స్థానంగా పెట్టుకోండి. హార్బర్ నుంచి అది ఇరవై మైళ్ళ పైచిలుకు. మామూలుగా అయితే రాత్రి ఎనిమిది, ఎనిమిదిన్నరకు ఆ ఊరి దీపాలు మీ కుడి పక్కకు రావాలి. తొమ్మిదిన్నర అయినా రాకపోతే మీ సగటు వేగం నాలుగు నాట్ల లోపు పడిపోయిందని అర్థం. అదే వేగంతో పోతే కాకినాడ చేరేసరికి పోటు దాటిపోతుంది. అక్కడి నుంచి విశాఖకు తిరిగి రండి. మిమ్మల్ని ఆపిన ప్రవాహమే అటు తోస్తుంది. హార్బర్‌కు దీపాలున్నాయి, లోతుంది, ఏ గంటకు చేరినా లోపలికి వెళ్ళొచ్చు.